బడి తాళంచెవి ఎవరి దగ్గర?
మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాడల్లో చిన్న బడుల గురించి

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా బస్సులో పోతూ బడుల బోర్డులు చదువుకుంటూ పోండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని రాసి, కింద ఊరి పేరు రాసి, దాని పక్కన బ్రాకెట్లో మూడక్షరాలు కనిపిస్తాయి: ఏ.ఏ.డబ్ల్యు. కొన్నింటికి రెండక్షరాలే: హెచ్.డబ్ల్యు. వేరే జిల్లాల నుంచి వచ్చిన మిత్రులు ఇదేమిటని అడుగుతుంటారు. మొదటిది ఆది ఆంధ్ర వాడ. రెండోది హరిజనవాడ. ఊరి బడికి ఈ తోక ఉండదు. ఊరి పేరే దాని పేరు. తోక ఉండేది వాడ బడికే.

ఈ అక్షరాల వెనక ఒక చరిత్ర ఉంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ, మనం పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం అని వాదించాడు. ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును తన రికార్డుల్లోకి ఎక్కించుకుంది. హరిజన అనే మాట 1930లలో గాంధీ పుణ్యమా అని వచ్చింది. అంటే ఒకటి మనం పెట్టుకున్న పేరు, ఇంకొకటి మనకు పెట్టిన పేరు. రెండూ ఇప్పుడు ఇంగ్లీషు పొడి అక్షరాలై బడుల లిస్టులో పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ బడిలోనే పనిచేసే అయివారిని ఏ.ఏ. అంటే ఏంటి సార్ అని అడిగితే, ఏదో కోడ్ నెంబరు అయుంటుంది అన్నవాళ్లు నాకు తెలుసు.

ఒకే ఊరికి రెండు బడులెందుకు? అరకిలోమీటరు దూరంలో ఊర్లో ఒకటి, వాడలో ఒకటి? విద్యాశాఖ ఈ ప్రశ్నను ఖర్చు లెక్కగా అడుగుతుంది. ఇద్దరు అయివార్లు, రెండు గదులు, రెండు వంటగదులు, పిల్లలు మాత్రం గుప్పెడు మంది. కలిపేస్తే పోదా అంటుంది. మనం ఈ ప్రశ్నను చరిత్ర నుంచి అడగాలి. వాడ బడి ఎందుకు పుట్టింది? వాడతో దానికి ఉన్న సంబంధం ఎట్లాంటిది? ఆ సంబంధం తెగితే పోయేదేంటి? ఈ వ్యాసంలో చెప్పబోయేది ఇదే.

వాడలోకి బడి ఎట్లా వచ్చింది

మదనపల్లె ప్రాంతంలో మాల మాదిగ పల్లెల్లోకి బడి మొదట సర్కారు తలుపు నుంచి రాలేదు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1853లో ఏర్పడింది. 1863 నుంచి జేకబ్ చాంబర్లిన్ మదనపల్లె కేంద్రంగా పనిచేశాడు. మిషన్ వాళ్ల పద్ధతి మన పెద్దవాళ్లు చెప్పుకునేదే: పల్లెలో ఒక పూరిపాక, ఒకే మనిషి. పగలు అ ఆలు చెప్పేది ఆయనే, ఆదివారం వాక్యం చెప్పేది ఆయనే, కరణం దగ్గరకు పోవాల్సి వస్తే కాగితం రాసిచ్చేదీ ఆయనే. మతం మార్చడానికే బడి పెట్టారని అగ్రవర్ణ పండితులు ఇప్పటికీ అంటుంటారు. కావచ్చు. అయితే అక్షరం నేర్పడానికి వాడలోకి నడిచొచ్చి, అక్కడే కాపురం ఉన్న మొదటి అయివారు ఆ పాకలో మనిషే. ఆ సంగతి కాదనలేం.

సర్కారు మెల్లగా కదిలింది. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ఒక ముఖ్యమైన ఉత్తర్వు తెచ్చింది. తర్వాత 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ శాఖ వచ్చింది, దాని కింద ప్రత్యేకంగా బడులు తెరిచారు. ముసలోళ్లు కొందరు ఇప్పటికీ 'లేబర్ బడి' అంటారు. అది సమితి బడి అయింది, మండలాలు ఏర్పడిన 1985 తర్వాత మండల పరిషత్ బడి అయింది. పేరు మారింది గానీ, ఊరి బడిలోకి మన పిల్లలను సరిగా రానివ్వలేదు కాబట్టే అది పుట్టిందన్న నిజం మారలేదు.

మదనపల్లె చదువుల చరిత్ర అనగానే అందరూ బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ పేరు చెప్తారు. 1915లో అనీబిసెంట్ పెట్టింది. 1919లో రవీంద్రుడు అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి రాశాడని గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 1909లో ఇదే అనీబిసెంట్ ఇండియన్ రివ్యూలో అణగారిన వర్గాల గురించి ఒక వ్యాసం రాసింది. ఆ పిల్లలను వెంటనే పైకులాల పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదని, ముందు శుభ్రత, నడవడిక నేర్పడానికి వాళ్లకు వేరే బడులు ఉండాలని అందులో వాదించింది. అంబేద్కర్ 1945లో వెలువరించిన పుస్తకంలో, కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు చేసిందేమిటని నిలదీస్తూ ఆ మాటలను బయటపెట్టాడు. కాబట్టి వేరే బడి అనేది ఎవరి కోరిక? వాడ వాళ్లదైతే కాదు. వేరు పెట్టింది వాళ్లు. ఇప్పుడు వేరుగా ఉండటం దండగ అంటున్నదీ వాళ్లే. ఈ మధ్యలో వాడ ఆ వేరు బడిని తనదిగా చేసుకుంది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కడవ, తాళంచెవి

నేను చదివింది పుంగనూరు పక్కన ఒక వాడ బడి. ఒక గది, ఒక వసారా, బయట కానుగ చెట్టు. అయివారు ఒక్కడే, ఐదు తరగతులు. ఆయన వచ్చే బస్సు పది దాటినాకే వచ్చేది. తాళంచెవి మా అవ్వ దగ్గర ఉండేది. అవ్వ ఏ రిజిస్టరులోనూ లేదు. పొద్దున్నే తలుపు తీసి, కసువు ఊడ్చి, కడవ నిండా నీళ్లు పట్టి పెట్టేది. అయివారు రాకముందే మేము లోపల కూర్చొని ఎక్కాలు అరిచేవాళ్లం. ఎవడన్నా బడికి రాకపోతే అవ్వ వాళ్లింటి ముందుకు పోయి నిలబడేది. ఆమెకు సంతకం రాదు. మూడు తరాల పిల్లలకు హాజరు మాత్రం ఆమే వేసింది.

అయివారు తన నీళ్లు తను సీసాలో తెచ్చుకునేవాడు. పాఠం బాగా చెప్పేవాడు. రెండూ నిజాలే.

ఆ రోజుల్లో మధ్యాహ్నం బువ్వ ఉండేది కాదు. 1995లో కేంద్రం పథకం వచ్చినప్పటి నుంచి, హాజరు సరిగా ఉన్న పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. బియ్యం మూట వచ్చిన రోజు మా వసారా నిండిపోయేది. అమ్మలందరూ అక్కడే. అయివారిని మాట్లాడించేది, పిల్లోడు ఎట్లా చదువుతున్నాడని అడిగేది ఆ రోజే. 'తల్లిదండ్రుల సమావేశం' అనే మాట వినక ముందే మాకు అది జరిగింది.

ఆరో తరగతికి ఊరి హైస్కూలుకు పోయినాక నాకు మొదటిసారి అర్థమైంది, కడవ మనది కాకపోతే ఎట్లా ఉంటుందో. ఎత్తి పోసేవాళ్లు, మేము దోసిలి పట్టేవాళ్లం. అంబేద్కర్‌కు సతారా బడిలో బంట్రోతు లేకపోతే నీళ్లు లేనట్టే. ఆ కథను తర్వాతెప్పుడో యూనివర్సిటీ లైబ్రరీలో చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. వాడ బడిలో ఐదేళ్లు ఆ అవమానం లేకుండా చదువుకున్నామన్నది మాత్రం అప్పుడే తట్టింది. అక్కడ మేం ఎవరి ముందూ ఒదిగి కూర్చోలేదు. మా కుటుంబంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. దానికి పునాది ఆ ఐదేళ్లే అని నా నమ్మకం.

వాడ బడిని పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. గోడలు బీటలు, అయివారికి మీటింగులుంటే బడికి సెలవు, ఐదో తరగతికొచ్చినా కూడికలు రానివాళ్లు సగం మంది. ఒక్క అయివారు ఐదు పుస్తకాలు పట్టుకుని ఏం చేస్తాడు? మూడో తరగతికి చెప్తుంటే నాలుగు తరగతులు గోడ చూస్తూ కూర్చోవాలి. చిన్న బడి పనికిరాదు అనేవాళ్ల వాదనకు బలం ఇక్కడే ఉంది. ఆ వాదనకు జవాబు కూడా ఈ ప్రాంతంలోనే దొరికింది.

నిచ్చెన పద్ధతి

మదనపల్లె దగ్గర, హార్సిలీ కొండల కింద, జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషీవ్యాలీ ఉంది. కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టాడు. రిషీవ్యాలీ అంటే దేశమంతటి నుంచి ఉన్నవాళ్ల పిల్లలు వచ్చి హాస్టల్లో ఉండి చదివే బడి. ఆ సంస్థే 1980ల చివరి నుంచి చుట్టుపక్కల కుగ్రామాల్లో చిన్న చిన్న బడులు పెట్టింది. వాటిని శాటిలైట్ స్కూళ్లు అన్నారు. రమ, పద్మనాభరావు అనే దంపతులు ఆ పనికి పూనుకున్నారు. ఒకే లోయలో రెండు రకాల బడులు, రెండు రకాల పిల్లలు. ఈ తేడాను మనం మరిచిపోనక్కర్లేదు. అయినా వాళ్లు కనిపెట్టిన పద్ధతిని తెలుసుకోకపోతే నష్టం మనకే.

ఆ పద్ధతి ఇది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టారు. ఒక్కో పని ఒక్కో కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక నెంబరు. ఏ కార్డు తర్వాత ఏ కార్డు చేయాలో చూపించే పెద్ద పటం గోడకు వేలాడుతుంది. దాన్ని నిచ్చెన అంటారు. పిల్లోడు పొద్దున వచ్చి నిచ్చెన మీద తను ఎక్కడున్నాడో చూసుకుంటాడు. తన కార్డు తనే తీసుకుంటాడు. కార్డు గుర్తును బట్టి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. ఒక గుంపు అయివారి పక్కనే కూర్చుంటుంది, కొత్త సంగతి నేర్చుకునేది అక్కడ. ఇంకొక గుంపుకు అయివారి సాయం కొంచెమే. మూడో గుంపులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. నాలుగో గుంపులో ఎవరి పని వాళ్లదే. కొన్ని మెట్లు దాటినాక పరీక్ష కార్డు వస్తుంది. వచ్చిందా, ముందుకు పోతాడు. రాలేదా, అదే సంగతిని ఇంకో రకంగా నేర్పే కార్డులుంటాయి. ఆరేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లోడు ఒకే చాప మీద కూర్చుంటారు. తరగతి అనే గోడే ఉండదు. ఒక్క అయివారు ఐదు తరగతులను మోయాల్సిన భారం ఈ పద్ధతిలో విడిపోతుంది. ఈ కార్డులు, సామానంతా కలిపి 'పెట్టెలో బడి' అని పేరు తెచ్చుకుంది.

దీంట్లో వాడ పిల్లలకు పనికొచ్చే కీలకం వేరే ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పేరుమోసింది. కోతల సీజన్లో వాడలో తల్లి కూలికి పోతే పెద్దపిల్ల చంటిదాన్ని ఎత్తుకుని ఇంట్లో ఉండాలి, లేదంటే తానూ తోటకు పోవాలి. చెనక్కాయలు పెరికేటప్పుడూ అంతే. రెండు వారాలు పోయొచ్చేసరికి పుస్తకంలో నాలుగు పాఠాలు అయిపోయుంటాయి. ఇంక ఆ పిల్ల వెనకబడినట్టే. 'వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు' అనే మాట అక్కడ పుడుతుంది. నిచ్చెన పద్ధతిలో ఆ పిల్ల తిరిగొచ్చి, తను వదిలిపెట్టిన కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. పోయిన రెండు వారాలు నేరం కాదు. పిల్ల కూలికి పోవడం మంచిదని ఎవరూ అనరు. కానీ పోవాల్సి వచ్చిన పిల్లను బడి శిక్షించకుండా ఉండటం అనేది ఆషామాషీ సంగతి కాదు. బడి మానేసిన మన పిల్లల్లో చాలామంది ఒక్క రోజులో మానేయలేదు. ఇట్లా రెండేసి వారాలుగా మానేశారు.

ఈ బడులు ఊరితో పెట్టుకున్న సంబంధం రెండో సంగతి. అయివార్లుగా చుట్టుపక్కల పల్లెల యువకులనే తీసుకుని తర్ఫీదు ఇచ్చారు. పల్లెల్లో చెప్పుకునే కథలను సేకరించి పిల్లలు చదువుకునేటట్టు చేశారు. మెట్రిక్ మేళా అని పెట్టి, కొలతలు, తూకాలు, బేరాలు పిల్లలే చేస్తుంటే అమ్మానాన్నలు వచ్చి చూసేటట్టు చేశారు. రాయడం రాని తల్లి నోటిలెక్కలో కొడుకును ఓడించడం అట్లాంటి చోటే కనబడుతుంది. ఆమెకు తెలిసింది కూడా లెక్కే అని బడి ఒప్పుకోవడం నా దృష్టిలో పెద్ద సంగతి.

పద్ధతి మన జిల్లా దాటింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో నలి-కలి పేరుతో మొదలై కర్ణాటక బడుల్లోకి పోయింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, నాలుగైదేళ్లలో తమిళనాడు అంతటా పోయింది. మన రాష్ట్రంలో గిరిజన ప్రాంతాల చిన్న బడుల్లోనూ వాడారు. లక్షల మంది పిల్లల దగ్గరకు పెట్టె పోయింది. కానీ పెట్టె పోయినంత సులువుగా సంబంధం పోదు. కార్డులు అచ్చేయించొచ్చు, నిచ్చెన గోడకు అతికించొచ్చు. పిల్ల రాకపోతే ఇంటి ముందు నిలబడే మనిషిని ఏ సర్క్యులరూ పంపలేదు.

నాకు ఇంకొక ప్రశ్న కూడా ఉంది. పల్లె కథలు అన్నప్పుడు ఎవరి కథలు? ఊరి రచ్చబండ కథలా, వాడ కథలా? మన పుస్తకాల్లో 'ప' అంటే పలక, పక్కన రాసుకునే పలక బొమ్మ. మా వాడలో పలక అంటే ముందు గుర్తొచ్చేది వాయించే పలక. జాతరకు, చావుకు మా తాత భుజానికి వేసుకునేది. దరువుల లెక్క నోటితో చెప్పగలిగే పిల్లోడు బడికొచ్చి లెక్కల్లో మొద్దు అనిపించుకుంటాడు. ఆ పలక బొమ్మ ఏ కార్డు మీద ఉంటుందో అప్పుడు గానీ వాడ బడిలోకి వచ్చిందని నేను ఒప్పుకోను.

'సముదాయం' అంటే ఎవరు

1990ల నుంచి ప్రభుత్వ కాగితాల్లో ఒక మాట బాగా నలిగింది: సముదాయ భాగస్వామ్యం. 1998లో ఆంధ్రప్రదేశ్‌లో దీనికోసం చట్టమే వచ్చింది. తల్లిదండ్రులు ఎన్నుకునే కమిటీలు బడి బాగోగులు చూడాలన్నారు. 2009 విద్యాహక్కు చట్టం, బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల నిష్పత్తిలో చోటివ్వాలని చెప్పింది. కాగితం మీద మంచి చట్టమే.

అయితే 'గ్రామం' అనే మాట మీదే మన పేచీ. గ్రామం ఒకటిగా ఉందని ఎవరన్నారు? కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది తాగే నీళ్ల చెరువు దగ్గర. ఆ చెరువు కూడా 'గ్రామానిదే'. ఊరి బడి కమిటీలో వాడ తల్లి సభ్యురాలుగా ఉన్నా, మీటింగు పెట్టేది ఎవరి అరుగు మీద? ఆమె కుర్చీలో కూర్చుంటుందా, స్తంభం పక్కన నిలబడుతుందా? రిజిస్టరు ఇంటికి పంపించి వేలిముద్ర వేయించుకుంటారా? వాడ బడిలో ఈ ప్రశ్నలు రావు. కమిటీ అంతా వాడే. అది కొట్లాడుకున్నా వాడలోనే కొట్లాడుకుంటుంది.

వంటగది సంగతి చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అట్లా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తెలియనిది కాదు. సుఖదేవ్ థోరట్, జోయల్ లీ ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాల సర్వే మీద 2005లో రాసిన వ్యాసంలో రెండు సంగతులు అడిగారు. వండేది ఎవరు? ఏ వీధిలో వండుతున్నారు? రాజస్థాన్ కంటే ఆంధ్ర ఎంతో మెరుగ్గా కనిపించింది. దళిత సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు ఇక్కడ గట్టిగా ఉండటం దీనికి కారణమని నేననుకుంటాను. బడి వాడలో ఉంటే వంటమనిషి కులం మీద పంచాయితీ లేదు. ఊరి పిల్లలు అక్కడికి రారు, అది వేరే రోగం. బడి ఊర్లో ఉంటే ప్రతి ఏడాదీ ఆ గరిటె ఎవరి చేతిలో ఉండాలనేది ఒక రాజకీయం.

కుప్పం వైపు

కుప్పం లెక్క కొంచెం వేరు. మూడు రాష్ట్రాల మూల అది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం. బడిలోకొచ్చిన పిల్లోడి నోట్లో మూడూ కలిసి ఉంటాయి. పుస్తకంలో మాత్రం కోస్తా తెలుగు. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. దక్షిణాది భాషలన్నిటి మీదా పరిశోధన జరిగే చోటికి కూతవేటు దూరంలోని బడిలో పిల్ల మాటను తప్పు మాట అని దిద్దుతుంటారు. మనం పరిశోధకులం కాబట్టి ఇది మన మీద మనం వేసుకోవాల్సిన విమర్శ.

ఇక్కడి వాడలకు పక్కనే కోలారు బంగారు గనులుండేవి. 1880ల నుంచి ఈ చుట్టుపక్కల తమిళ, తెలుగు పల్లెల దళితులు గనుల్లోకి దిగారు. ప్రాణాలు పోయాయి గానీ చేతికి నగదు కూలి వచ్చింది, దొర కళ్లంలో కాపలా తప్పింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు రైలు బెంగళూరుకు తీసుకుపోతుంది. తల్లీతండ్రీ కట్టడం పనుల్లో అక్కడ, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఇక్కడ. అట్లాంటి వాడలో పొద్దున తొమ్మిదికి తెరుచుకుని సాయంత్రం దాకా పిల్లల మీద కన్నేసి ఉంచే సంస్థ బడి ఒక్కటే. పిల్లకు జ్వరమొస్తే బెంగళూరుకు ఫోను చేసేది అయివారమ్మ. ఈ పనికి విద్యాశాఖలో కాలమ్ లేదు.

1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కు కుప్పం దగ్గర గుడివంకలో పెద్ద క్యాంపస్ ఉంది. సైన్సు ప్రయోగాల సామాను వేసుకుని వాళ్ల వ్యాన్లు సర్కారు బడులకు పోతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మంచిదే, ఆ ఆశ్చర్యం మా చిన్నప్పుడు మాకు దొరకలేదు. వ్యాను వెళ్లిపోయినాక ఆ పిల్ల అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎవరన్నా ఉండాలి కదా. వచ్చిపోయే చదువు నిలబడాలంటే అక్కడే ఉండే బడి కావాలి.

కలపడం, ఒక కిలోమీటరు

2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. బడులను ఆరు రకాలు చేశారు. ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే అందులో కలిపారు. ఒకటి, రెండు తరగతులే మిగిలినదాన్ని ఫౌండేషన్ స్కూలు అన్నారు. అంగన్‌వాడీకి శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు అని పేరు పెట్టారు. రిషీవ్యాలీలో ఒకప్పుడు ఐదు తరగతులూ నిలబెట్టడానికి వాడిన 'శాటిలైట్' అనే మాట ఇక్కడ కోతకు గుర్తయింది. కలపడానికి చెప్పిన కారణం మంచిదే: సబ్జెక్టుకొక టీచరు, లైబ్రరీ, ఆటస్థలం. ఇవి మన పిల్లలకు అక్కర్లేదని ఎవరంటారు? 2025లో ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి, బడులను మళ్లీ వేరే రకాలుగా విభజించింది. తరగతికొక టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు అంది. దానికి కూడా చుట్టుపక్కల పిల్లలను ఒకచోటికి చేర్చాల్సిందే. పార్టీలు మారినా లెక్క మారలేదు. పిల్లల సంఖ్య తక్కువైతే బడి తప్పు.

సంఖ్య ఎందుకు తగ్గింది? వాడలో తల్లులు పిల్లలను ప్రైవేటు వ్యాను ఎక్కిస్తున్నారు. ఇంగ్లీషు కోసం, టై కోసం, ఊరి పిల్లలతో సమానంగా అదే వ్యానులో కూర్చోవడం కోసం. దీన్ని మోజు అని ఎగతాళి చేసే మేధావుల పిల్లలు ఏ మీడియంలో చదివారో కూడా అడగాలి. 2020లో మొదలైన అమ్మఒడి డబ్బులు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ ఇచ్చారు. ఆ తల్లులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వాడ బడిలో ఇంగ్లీషు గట్టిగా చెప్పుంటే, ఇద్దరు అయివార్లు నిలకడగా ఉండుంటే ఎంతమంది వ్యాను ఎక్కేవాళ్లో ఎవరికి తెలుసు? సరిగా నడపకుండా ఖాళీ చేసి, ఖాళీ అయింది కాబట్టి మూస్తాం అంటున్నారు.

పుంగనూరు ఆవు పొట్టిది కాబట్టే ఇప్పుడు దానికి లక్షలు పెడుతున్నారు. పొట్టిగా ఉండటం దాని ప్రత్యేకత అట. మా పుంగనూరు పక్క బడికి మాత్రం చిన్నగా ఉండటమే శాపం.

కిలోమీటరు గురించి చెప్పి ఆపుతాను. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆ కిలోమీటరును మ్యాపు మీద గీత గీసి కొలుస్తారు. మా వాడ నుంచి ఊరి హైస్కూలుకు గీత గీస్తే కిలోమీటరు కంటే తక్కువే. నేను పోయిన సంక్రాంతికి నడిచి చూశాను. తిన్నగా పోయే దారి ఊరి నడివీధి, గుడి ముందు నుంచి. ఎనిమిదేళ్ల పిల్లలు ఆ దారిన పోవడం లేదు. ఎవరూ పోవద్దనలేదు. అడిగితే, 'ఆడ కుక్కలుంటాయి' అన్నారు. చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి, తారురోడ్డు దాటి పోతున్నారు. ఆ దారిని అడుగులతో లెక్కపెట్టాను, కిలోమీటరు ఎప్పుడో దాటింది. వానాకాలం కట్ట తెగితే ఆ వారం బడి లేదు.

కలపాలని తీర్మానం వస్తే అది కమిటీ ముందుకు రావాలి, తల్లులు సంతకం పెట్టాలి. సంతకం పెట్టే ముందు ఆ దారి నడిచి కొలవమని, కొలిచింది తీర్మానంలో రాయమని అడిగే హక్కు వాళ్లకుంది. ఈ సంగతి మా వాడలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. మా బడిలో ఇప్పుడు ఒకటి, రెండు తరగతులే ఉన్నాయి. అవ్వ పోయి చాలా కాలమైంది. తాళంచెవి ఎక్కడుందని అడిగితే, ఊర్లో పెద్ద బడి ఆఫీసు గదిలో మేకుకు తగిలించుంది అన్నారు.